ఒక బిడ్డ, ఒక ఫైలు

“ఈ పిల్ల రోజూ వస్తుంది. ఆ పిల్ల ఒక్కరోజూ రాలేదు. అడ్రసు ఒకటే, తండ్రీ ఒక్కడే!” అంటూ వసంతి రెండు ఫైళ్ళు బల్లమీద పడేసింది.

డార్నల్ అనే చెరుకుమిల్లు ఊళ్ళో, ఏ బడీ ఉంచుకోని పిల్లల కోసం చర్చి హాల్లో నడుస్తున్న కేంద్రం అది. వసంతి సంక్షేమ అధికారి. బల్ల చుట్టూ క్లినిక్ నర్సు గ్లాడిస్, పోలీసు ఇన్‌స్పెక్టర్ ప్రెగ్గీ, కిందటేడే రాజమండ్రి నుంచి వచ్చిన సైకాలజిస్టు ఇందిరాదేవి ఉన్నారు. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్ళయింది. జాతికొకటిగా ఉన్న ఆఫీసులన్నీ ఒకటయ్యాయి గానీ, పాత ఫైళ్ళు మాత్రం ఒక్కో పిల్లకి రెండు మూడు మిగిలాయి. వాటిని కలిపెయ్యమని పైనుంచి ఒకటే పోరు.

ఒక ఫైల్లో రొక్సేన్, పదమూడేళ్ళు. పోట్లాటలకని బడి నుంచి తీసేశారు. రెండోది క్లినిక్ పంపింది: అప్పాయమ్మ, పదిహేనేళ్ళు, చేతిమీద కాలిన గాయం.

“ఆ తండ్రి, గిల్బర్ట్, మామూలోడు కాదు,” అన్నాడు ప్రెగ్గీ. “పెళ్ళాం పోయాక మరీ ముదిరాడు. పిల్ల జోలికొస్తే ఇల్లు తగలబెడతానని పక్కింటి కోగీ ఆంటీతో అన్నాడట. రెండుసార్లు వెళ్ళాను. పగలంతా బయట తాళమే. రెండింటికి మిల్లు కూత వేస్తే షిఫ్టు దిగుతాడు, ఈలోగా తేల్చండి.”

హాలు మూలన రొక్సేన్ కూర్చుని ఉంది. అంత ఎండలోనూ పొడుగుచేతుల జెర్సీ. ఇచ్చిన రొట్టెలో సగం తిని, సగం జేబులో దాచుకుంది. ఇంటి సంగతి ఎవరడిగినా నోరు విప్పదు. ఇందిరాదేవి ఆ పిల్లనే చూస్తోంది.

ఉన్నట్టుండి ఆమె బల్లమీద చరిచింది.

“ఇద్దరు కాదండీ, ఒక్కతే! వీళ్ళు తాతల నాడు చెరుకు తోటల పనికొచ్చి మతం మారిన తెలుగువాళ్ళు. మా వైపు ఇలాంటివి ఎన్ని చూశానో. ఇంట్లో అప్పాయమ్మ, చర్చిలో రొక్సేన్.”

తెలుగువాళ్ళ సంగతి తెలుగుదానికే తెలియాలన్న గర్వం ఆ గొంతులో కాస్త పలికింది.

“మరి వయసో?” అంది వసంతి.

“పుట్టిన తేదీ సరిగ్గా రాయించిందెవరు?”

“హావ్! నా దగ్గరికొచ్చిన పిల్ల కొంచెం పొడుగనిపించింది, డాక్టర్,” అని నసిగింది గ్లాడిస్. “ఏమో, రోజుకి ఎనభై మందిని చూస్తాను.”

“అనుమానమెందుకు? చూడండి.” ఇందిరాదేవి గొంతు పెంచింది. “అప్పాయమ్మా!”

రొక్సేన్ ఉలిక్కిపడి లేచింది. గబుక్కున తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. మెల్లగా మళ్ళీ కూర్చుంది.

“పలికిందా, లేదా?”

వసంతి రెండు ఫైళ్ళకీ కలిపి ఒకే తాడు కట్టింది. నలుగురూ నాలుగు సంతకాలు పెట్టారు.

“ఇవాళే తీసుకెళ్ళిపోదాం. ఓవర్‌పోర్ట్ పిల్లల హోమ్‌లో మంచం ఖాళీ ఉంది,” అన్నాడు ప్రెగ్గీ.

“గిల్బర్ట్ వచ్చి చూసుకుంటే?” అంది గ్లాడిస్ భయంగా.

“అరుచుకుంటాడు. ఖాళీ ఇంట్లో ఎవరిని కొడతాడు?”

ప్రెగ్గీ కారు నడుపుతుంటే వెనక సీట్లో ఇందిరాదేవి, రొక్సేన్ కూర్చున్నారు. పిల్ల వెనకద్దానికి ముఖం ఆనించి ఊరివైపే చూస్తోంది. చెరుకు తోటల మధ్యకి వచ్చేసరికి వెనక మిల్లు కూత వినిపించింది. పిల్ల రెండు అరచేతులూ అద్దానికి నొక్కింది.

“భయపడకు తల్లీ. మీ నాన్న ఇంక నిన్నేం చెయ్యలేడు,” అని ఇందిరాదేవి దగ్గరికి తీసుకుంది. గాయం ఎలా ఉందో చూద్దామని జెర్సీ చేతులు రెండూ పైకి లాగింది.

రెండు చేతులూ నున్నగా ఉన్నాయి. చిన్న మచ్చ కూడా లేదు.

“కాలిందేదమ్మా?”

రొక్సేన్ జేబులోంచి సగం రొట్టె తీసి రెండు చేతులతో పట్టుకుంది. మొట్టమొదటిసారి నోరు విప్పింది.

“అప్పాయమ్మ మా అక్క.”