తప్పిపోయిన రెండు తునకలు

“మీ తమ్ముడి తలలోని గడ్డ ముక్కను బొంబాయి పంపి జన్యువులు చూపించాం. రోగి ముందుముందు ఎట్లుంటాడో దాన్నిబట్టి తెలుస్తుంది,” అన్నాడు హైదరాబాద్ దవాఖానలో డాక్టరు. “ఇందులో ఉండాల్సిన జన్యువుల తునకలు రెండు లేవు.”

బక్కయ్య కుర్చీలోంచి లేచాడు. “లెవ్వా సారూ?”

“లేవు.”

పుట్టిన కాడినుంచి గొర్లు కాసిన మనిషి. పొద్దుగూకి దొడ్డికి రెండు రాలేదంటే తోడేలు తిన్నట్టే. ఇంకేం వినాలి? తువ్వాల కళ్లకద్దుకుంటూ బయటికి నడిచాడు. తమ్ముడు కురుమయ్య భార్య సుక్కమ్మ మాత్రం కదల్లేదు.

“అంటే ఏంది సారూ? జర సమజయ్యేటట్టు చెప్పు.”

కాసేపటికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

“ఏమన్నడు?” అడిగాడు బక్కయ్య.

“మందులు రాసిండు బావా.”

“రాస్తరు. ఆళ్లదేం పోయింది?”

ఆత్మకూర్‌లో బస్సు దిగిన గంటకే మాట ఊరంతా పాకింది. కురుమయ్య తలగడ్డలో ఏవో రెండు లేవట, ఈ తొంభైతొమ్మిదో సంవత్సరం వానాకాలం దాటడట. మందలో తమ్ముడి వాటా పంచమంటే ఏళ్లకేళ్లు నాన్చిన బక్కయ్య, కులపెద్దలను తానే పిలిపించాడు.

“నా తమ్మునికంటె గొర్లెక్కువనా? సగం మంద ఆనిదే. ఉన్నన్ని దినాలన్న మారాజు లెక్క ఉండనీ.”

తమ్ముడికి పిల్లాజెల్లా లేరు. ఆ సగం మళ్లీ ఎవరి దొడ్డికి నడిచొస్తుందో బక్కయ్యకు బాగా తెలుసు. పెద్దలు మాత్రం శభాష్ అన్నారు.

“నోటిమాటెందుకు బావా,” అంది సుక్కమ్మ కొంగు తీయకుండానే. “చెవులు కోయిండ్రి.”

గొర్లు కాసే కుర్మోళ్లకు గొర్రె చెవి గాటే దస్తావేజు. పడితే చెరగదు. బక్కయ్య నసిగాడు. అందరూ చూస్తున్నారు. చేసేది లేక కత్తి తీసి సగం మందకు తమ్ముడి గాటు పెట్టాడు. కొమ్ముల పొట్టేలును చాటుకు తోలబోతే కులపెద్ద గుర్వయ్య పట్టుకున్నాడు.

“పోయేటోని కాడ గూడ గీ కక్కుర్తేందిరా?”

ఆ సాయంత్రం కురుమయ్య పొట్టేలు మెడ పట్టుకుని ఏడ్చాడు. చావంటే భయమేసింది.

“దీన్ని ఎన్ని దినాలు మేపుతనే? నిజం చెప్పు.”

సుక్కమ్మ దొడ్డి తడిక బిగించింది. బక్కయ్య ఇంటివైపు ఒకసారి చూసి, నోటిమీది కొంగు తీసింది.

“కోపం జెయ్యకు. అన్న అడిగితె నీ కడుపుల మాటాగదని ఇయ్యాల్టి దాంక చెప్పలే.”

“ఏందది?”

“గడ్డల ఆ రెండు లేనోళ్లే శానేండ్లు బతుకుతరట.”