ఇంత చోటు

“నెమ్మదిగా సదవండి సయా,” అంది చిన్నతల్లి, తలుపు దగ్గరగా వేసి.

“గట్టిగా చదివితే ఏటి? కొడుకు ఉత్తరమే కదా!” దండాసి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పాడని బర్మాలోని పజుండౌంగ్‌లో ఆ వీధంతా ఆయన్ని సయా అనే, అంటే పంతులుగారనే, పిలుస్తుంది. చిన్నతల్లికి బర్మా భాష మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకే వార్డు ఆఫీసులో సైన్యం ముద్ర ఉన్న కవరు కనిపించగానే ఆయనే తీసుకొచ్చాడు. దారిలో వాన. రిక్షా అతను అడక్కుండానే తన ప్లాస్టిక్ సంచి ఇచ్చాడు. కాగితం మీద ఒక్క చుక్క పడలేదు.

“అమ్మా, నేను సూరిని,” అని మొదలైంది. ఆయన ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నాడు. “ఎందుకు పోట్లాడుతున్నామో తెలీదు. అవతలివాళ్ళూ మా దేశంవాళ్ళే, మా వయసువాళ్ళే. నేను బయల్దేరిన రోజు నువ్వు కట్టిచ్చిన పులిహోర లాంటిది నా జన్మలో తినలేదు. రోజూ అదే గుర్తొస్తోంది.”

“పిచ్చోడు!” నవ్వాడు దండాసి. “ఆకలి అలా రాయిస్తాది.”

తర్వాతి వాక్యం ఆయన రెండుసార్లు మనసులోనే చదువుకున్నాడు.

“ఏటైనాది సయా?”

“మందుపాతర పేలిందట. కుడికాలు మోకాలి దాకా తీసేశారట.”

చిన్నతల్లి గోడ పట్టుకుంది. “పేనానికి?”

“పర్లేదు. ఇంటినుంచి ఎవరైనా వచ్చి సంతకం పెడితే పంపించేస్తారట. ‘కుంటివాడికి మీ ఇంట్లో ఇంత చోటు ఉంటుందా అమ్మా’ అని అడుగుతున్నాడు. ఇదేటి ప్రశ్న! రేపే బయల్దేరు. నేనూ వస్తాను.”

“వద్దు.”

“ఏటి వద్దు?”

“రావద్దని రాసేయండి. అమ్మకి ఒంట్లో బాగోలేదని రాయండి.”

దండాసి జేబులోంచి పెన్ను తీయలేదు.

“కుర్రాళ్ళని సైన్యానికి రమ్మన్నప్పుడు, ఈ వీధిలో కాస్త ఉన్నవాళ్ళంతా దిక్కులేని పిల్లల్ని కొని, తమ కొడుకుల పేరు పెట్టి పంపారు. నువ్వొక్కదానివే కన్నకొడుకుని పంపావని మనసులో నీకు దణ్ణం పెట్టుకున్నాను చిన్నతల్లీ. కాలు పోయేసరికి బరువైపోయాడా?”

ఆమె చేతికున్న రెండు గాజులూ తీసి ఉత్తరం మీద పెట్టింది. గొలుసు, కమ్మలు సైన్యానికి రమ్మన్న ఏడాదే పోయాయి. మిగిలినవి ఇవే.

“ఆడికి పంపండి సయా.”

“గాజులు నడిపిస్తాయా వాణ్ణి? నువ్వసలు తల్లివేనా?”

ఆయన విసురుగా లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, గాజులు జాగ్రత్తగా రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

చిన్నతల్లి గడియ పెట్టింది. చాలాసేపు ఆ తలుపుకే ఆనుకుని నిలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని పళ్ళెంలో అన్నం పెట్టింది. ఆ పూట పులిహోరే. నిచ్చెన ఎక్కి, అటక తలుపు మెల్లగా తట్టింది.

“ఆకలి లేదమ్మా,” అన్నాడు లోపలినుంచి సూరి.