ఇంకొక్క స్టార్ట్

"ఇది ఆన్ కావాలె భాయ్. ఇవ్వాళనే కావాలె."

మహేందర్ ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టాడు. తెర మీద ఒక మూల నుంచి పగులు పాకి ఉంది. కౌంటర్ వెనక కూర్చున్న ఇషాక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆండ్రాయిడ్ కాదు. ఐఫోన్ కాదు. కంప్యూటర్‌లా నడిచే లైనక్స్ ఫోన్.

ఛత్రినాక నుంచి కోఠి దాకా ఎంతమందికి చూపించినా అందరూ మాకు రాదన్నా అని తిరిగిచ్చేశారు. చివరికి ఒకతను చెప్పాడు, మొఘల్‌పురాలో ఇషాక్ భార్య మరియం ఉంది, ఇలాంటి ఫోన్లు ఆమె ఒక్కతే ముట్టుకుంటుందని.

"ఎవరిది?" ఇషాక్ అడిగాడు.

"నా భార్యది. సాయిప్రియ. ఇల్లిడిచి పోయి వారం దాటింది. యాడున్నదో గిండ్లనే ఉంటది భాయ్."

పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. చుట్టాల ఇళ్లన్నీ తిరిగాడు. ఇక మిగిలింది ఈ ఫోనే. పొద్దస్తమానం నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టుకుంటూ కూర్చునేది సాయిప్రియ. అందులో మహేందర్‌కు ఒక్క ముక్క తెలియదు. కానీ పోయే ముందు ఎవరితో మాట్లాడిందో, ఎవరి పంచన చేరిందో అంతా ఇందులోనే ఉండాలి.

ముందు గది దుకాణం. వెనక గదికి తలుపు బదులు పచ్చటి పరదా. మరియం పనిచేసేది ఆ లోపలే. వచ్చిన గిరాకీ మగవాడైతే ఫోన్ ఒక్కటే లోపలికి వెళ్తుంది. ఇషాక్ పరదా సందులోంచి ఫోన్ అందించాడు.

పక్కన కూర్చుని చూద్దామనుకున్న మహేందర్ ఉసూరుమన్నాడు. కానీ పాతబస్తీ మర్యాద తెలియనివాడు కాదు. స్టూలు లాక్కుని, పరదా వైపు చూడటం బాగుండదని గల్లీ వైపు తిరిగి కూర్చున్నాడు.

లోపల బల్ల మీద ఫోన్ పెట్టిన చప్పుడైంది.

"భాయ్‌సాబ్," మరియం గొంతు వినిపించింది. "ఇది కింద పడ్డదా?"

"చేతిలకెళ్లి జారింది అక్కా."

జారలేదు. సాయిప్రియ చేతిలోంచి లాక్కుంటుంటే గోడకు కొట్టుకుంది. ఆ ముచ్చట వీళ్లకెందుకు?

వెనక మూత ఊడిన చప్పుడు. బ్యాటరీ కింద చిన్న చిన్న స్విచ్‌లు వరసగా ఉన్నాయని, నెట్‌వర్క్, మైకు, కెమెరా అన్నీ ఆపేసి ఉన్నాయని చెప్పింది మరియం. మీరేమైనా కదిలించారా అని అడిగింది. లేదన్నాడు మహేందర్. అసలు అక్కడ స్విచ్‌లు ఉంటాయనే అతనికి తెలియదు.

తర్వాత మరియం ఇంకో మాట చెప్పింది. లోపలి స్టోరేజ్ అంచుదాకా నిండిపోయి ఉంది. చిప్పు కూడా దెబ్బతింది. ఇంకొక్కసారి స్టార్ట్ అవుతుందేమో, అంతకు మించి నమ్మకం లేదు.

"ఇందుల మెమరీ కార్డు ఉండాలె. ఏది?"

మహేందర్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. ఆ కార్డు అతనే తీసి దాచుకున్నాడు. ఇక్కడ పని కాకపోతే దాన్ని ఇంకెవరికైనా చూపిద్దామని.

"ఈ ఫోను కార్డు మీదికెళ్లే లేస్తది భాయ్‌సాబ్. అది లేకుంటే నేనేం చెయ్యలేను."

ఇక తప్పలేదు. గోరంత కార్డు తీసి ఇషాక్ చేతిలో పెట్టాడు.

"దీని కాపీ తీసి పెట్టుకున్నరా? మధ్యల పోతే మళ్ల నన్ననొద్దు."

"లేదక్కా. ఉన్నదంతా గదే."

లోపల కంప్యూటర్ కీబోర్డు టకటకలాడింది. ఆగకుండా, తడుముకోకుండా. ఆ చప్పుడు మహేందర్‌కు ఇంట్లోనూ నచ్చేది కాదు.

ఇషాక్ ఛార్జర్ వైరు చుట్టుకుంటూ, ఆమె దొరికితే ఏం చేస్తావని అడిగాడు.

"ఏం జేస్త? ఇంటికి తోలుకపోత."

"రానంటే?"

మహేందర్ నవ్వాడు. "అననిస్తే గదా భాయ్."

కీబోర్డు ఆగింది. ఫ్యాన్ ఒక్కటే కిర్రుకిర్రుమంటోంది. కాసేపటికి టకటక మళ్లీ మొదలైంది.

"లేచింది," అంది మరియం. "మెసేజీలు కనవడుతున్నయ్."

మహేందర్ స్టూలు తన్నేసి లేచాడు. రెండంగల్లో పరదా దగ్గరికి వచ్చాడు. బట్ట అంచు వేళ్లకు తగలబోయింది. ఇషాక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"భాయ్. లోపల ఆడోళ్లున్నరు."

మహేందర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "చదువు అక్కా. ఆఖరుది ఎవరికి పంపింది?"

"తెరుచుకుంటలేవు. ఖరాబైన స్టోరేజ్‌ని సరిచేస్తే తెరుచుకోవచ్చు. సరిచేస్తుంటే మొత్తం పోవచ్చు గూడ. మీరు చెయ్యమంటేనే చేస్త."

ఆపితే ఏమీ దొరకదు. చేస్తే అన్నీ దొరకవచ్చు.

"చెయ్యి," అన్నాడు.

ఒకే ఒక్క మీట నొక్కిన చప్పుడు.

గల్లీలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. మహేందర్ పరదా మడతల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"పోయింది భాయ్‌సాబ్," అంది మరియం చివరికి. "చిప్పు పోయింది. కార్డు గూడ ఖాళీ అయింది. ఇంక దీన్ల ఎవ్వరు ఏం తియ్యలేరు."

పరదా సందులోంచి ఫోన్ బయటికి వచ్చింది. మహేందర్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. మళ్లీ నొక్కాడు. తెర నల్లగానే ఉంది. పళ్లు కొరికి ఏదో తిట్టాడు. ఎవరినో అతనికే తెలియదు. ఫోన్ జేబులో కుక్కుకుని, మెట్లు దిగి, బండి స్టార్ట్ చేశాడు.

ఆ బండి చప్పుడు గల్లీ మలుపు దాటి పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగి, పరదా లోపల మరియం పక్కన కూర్చుని ఉన్న సాయిప్రియ కీబోర్డు మీది నుంచి చేతులు తీసింది.