అత్తయ్య ఊపిరి

"ఊదకుండా అదెలా నడుస్తుంది?" అంటూ అత్తయ్య నా చేతిలోంచి వీడియో గేమ్ క్యాసెట్టు లాక్కున్నారు.

ఆ వీడియో గేమ్ డబ్బా ఆవిడ కాలేజీ రోజులది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ రెండో రిమోట్ నన్ను ముట్టుకోనివ్వలేదు.

మిక్సీలు, టీవీలు బాగుచేయడం నా పని. పొద్దున్నే డబ్బా విప్పి, వంగిన పిన్నులు సరిచేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆడించి కూడా చూసుకున్నాను. ఊదితే నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయని చెప్పొచ్చు. కానీ మొన్నామధ్య మిక్సీ దగ్గర నా మాటే నెగ్గింది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ మూగనోము పట్టారు.

అందుకే బల్ల కింద డబ్బాకి కరెంటిచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆపేసి, దాని స్విచ్ మీద కాలి బొటనవేలు ఆనించి కూర్చున్నాను.

అత్తయ్య ఊదారు. డబ్బా బటన్ నొక్కారు. లైటు వెలగలేదు. క్యాసెట్టు బయటికి తీసి, కళ్లజోడు గుడ్డతో తుడిచి, దగ్గి, మళ్లీ ఊదారు. నేను స్విచ్ వేద్దామనుకునేసరికి మళ్లీ లాగి ఇంకోసారి ఊదారు. నా కాలు కొయ్యబారింది.

చివరికి క్యాసెట్టు పెట్టి బటన్ నొక్కారు. కింద నేనూ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. టీవీ టింగుటింగుమంది.

"మీ ఊపిరే ఊపిరి అత్తయ్యా!" అన్నాను.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే రెండో రిమోట్ నా ఒళ్లో పడేశారు.

"ముందు ఆ కాలు విదిలించుకో, తిమ్మిరెక్కి ఉంటుంది. ఇంకో నాలుగుసార్లు ఊదుదామనుకున్నా గానీ, పాపం అనిపించింది."