నొక్కకుండా పేలిన తుపాకి

"తూటాలు తీసేసినాం సాయిబూ. స్టేషన్లో అప్పజెప్పేముందర ఒకసారి చూడు," అంటూ రాఘవమ్మ గోనెపట్టాలో చుట్టిన తుపాకిని బల్లమీద పెట్టింది. లైసెన్సు ఆమె భర్తది. అడవిపందులకు కాపలా కాస్తుండగా కొడుకు చేతిలో అది పేలి ఆయన పోయాడు.

కొడుకు మాలకొండయ్య వాకిట్లో ఎద్దులబండి మీదే కూర్చున్నాడు. ఆనాటి నుంచి వాడు నోరు విప్పలేదు.

బోగోలులో తుపాకులు బాగుచేసే మీరా మొహిద్దీన్ మీట విప్పి చూశాడు. వేసవిలో తాను వేసిన స్ప్రింగే. చెక్కుచెదరలేదు.

"బాగానే ఉండాదమ్మా. నొక్కకుండా పేలదు," అన్నాడు మెల్లగా.

"నాకు తెలుసు." రాఘవమ్మ గొంతు తగ్గించింది. "వాడికి మాత్రం తుపాకిదే తప్పని చెప్పు సాయిబూ. నిన్న బావికాడి నుంచి ఈడ్చుకొచ్చినా వాణ్ణి."

ఆ మాట అంటే ఇక తన దగ్గరికి ఎవరూ తుపాకి తేరు. మొహిద్దీన్ మీట మళ్ళీ బిగించాడు. తర్వాత లేచి బండి దగ్గరికి నడిచాడు.

"నీ తప్పు లేదు నాయనా. స్ప్రింగు వదులైంది. దానంతటదే పేలింది."

మాలకొండయ్య తలెత్తాడు. "ఆ స్ప్రింగు వేసింది నువ్వే గదా?"

"నేనే."

"అయితే మా నాయన్ని చంపింది నువ్వా!" వాడు బండి మీంచి దూకి, సాయిబు చొక్కా పట్టుకుని భోరుమన్నాడు.

మొహిద్దీన్ విడిపించుకోలేదు. కొడుకు వెనక నిలబడ్డ రాఘవమ్మ సాయిబుకు రెండు చేతులూ జోడించింది.