ఒకటిన్నరకి వచ్చే ఎర్రర్

సరిగ్గా మధ్యాహ్నం ఒకటిన్నరకి ఫోను టింగుమంది. సత్యదుర్గ లాప్‌టాప్ మీంచి చేతులు తీసేసింది.

"కంగారు పడకండి. నేను చూస్తున్నాను."

అంతే. కింద పేరు లేదు. పేరు అక్కర్లేదు. ఆ మాట రాసినవాడు వీరేంద్ర, ఆమె భర్త. అతను పోయి పదకొండు నెలలైంది.

రెండుసార్లు చదివింది. తరవాత, ఎప్పుడో చల్లారిపోయిన కంచాన్ని దగ్గరికి లాక్కుంది.

"కాస్త నెయ్యి వెయ్యనా అమ్మా?" తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది అత్తగారు మంగాయమ్మ.

"వెయ్యండత్తయ్యా."

రొయ్యల చెరువుల్లో పెట్టే సెన్సర్లకి ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ వాళ్లది. ఆఫీసు అమలాపురంలో. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోనుకి కబురు అందాలి. ఆ ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండే ఉమ్మడి కోడ్‌ని లైబ్రరీ అంటారు. దాన్ని వీరేంద్ర ఒక్కడే రాశాడు. ఎక్కడ ఏ తప్పు జరిగినా లోపలే మింగేసి, పైకి ఆ ఒక్క మాటే పంపేలా పెట్టాడు. అప్పుడున్నవి పది చెరువులు. నిజంగానే చూసేవాడు. మెసేజ్ రాగానే బండేసుకుని వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు మూడు వందల చెరువులు. చూసేవాడు లేడు. మాట మాత్రం వెళుతూనే ఉంది.

అతని తరవాత లైబ్రరీ పని సత్యదుర్గకి వచ్చింది. ముక్తేశ్వరంలో ఇంట్లోంచే చేస్తుంది. ఏ చెరువులో తప్పు జరిగినా రైతుతో పాటు ఆమె ఫోనుకీ ఆ మాట వస్తుంది. మిగతావి ఎప్పుడో ఒకటి. ఒకటిన్నరది మాత్రం రోజూ వస్తోంది, నెలా పది రోజులుగా.

"అందర్నీ అడిగేనండి దుర్గగారూ," అన్నాడు ఫోనులో, ఆఫీసు చూసే ఎబినేజర్. "ఆ టైముకి ఏ రైతుకీ రాలేదంటన్నారు. మీ ఒక్కరికే వస్తంది. మావాడు పైనుంచి మీ మీద ఓ కన్నేసి ఉంచేడేమోనండి!"

నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వలేదు. ఆమె అనుకుంటున్నదీ అదే.

ఆ సాయంత్రం మంగాయమ్మ మోగుతున్న ఫోను పట్టుకొచ్చింది. చదువు రాదు కనక, ఫొటో ఉంటేనే ఆవిడకి మనిషి తెలుస్తుంది.

"బొమ్మ లేదమ్మా. ఎవరో మరి."

ముమ్మిడివరం నుంచి అంజిబాబు అనే రైతు.

"సెన్సర్ వైరు తెగిపోయిందంటండి. నాకేం తెలుసండి? చూస్తున్నానని మెసేజొచ్చింది కదా అని కూచున్నానండి. తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోయినియ్యండి. రెండు చెరువులండి! ఎవరండీ చూసింది?"

ఆ రాత్రి సత్యదుర్గ ఫోనుకీ అదే మాట వచ్చింది, ఏ చెరువుదో అందులో లేదు.

వెంటనే ఎబినేజర్ ఫోను చేశాడు. "రేపటికల్లా మార్చెయ్యాలండి. తప్పు ఎక్కడ పుట్టిందో, ఏ మెట్టు మీదుగా పైకొచ్చిందో అంతా కనపడాలి. ఆ పాత మాట తీసెయ్యండమ్మా. మీకెంత కష్టమో నాకు తెల్సు."

"ఆయ్," అంది.

మెట్లు చూపించే కోడ్ రాయడం ఆమెకి కష్టం కాలేదు. తప్పుని మింగేసే చోట్లు పదిహేడున్నాయి. ఒక్కొక్కటే తెరిచింది. చివరికి అతని మాట ఉన్న ఆ ఒక్క వరసే మిగిలింది.

తుడిచేస్తే రేపు ఒకటిన్నరకి అతను రాడు. తుడవకపోతే ఇంకో అంజిబాబు.

కళ్లు మూసుకుని నొక్కింది.

మర్నాడు మంగాయమ్మ బీరకాయ కూరా చారూ వడ్డించి, పెరట్లోకి వెళ్లింది. సత్యదుర్గ ముద్ద ముట్టలేదు. గడియారం కేసి చూస్తూ కూచుంది. రాదు. రాకూడదు.

ఒకటిన్నర. టింగ్.

అతని మాట లేదు. పొడుగాటి వరసలున్నాయి, కోడ్‌లో ఏ ముక్క దేన్ని పిలిచిందో, అది మళ్లీ దేన్ని పిలిచిందో. ఒక్కొక్క వరసే దిగుతూ అడుక్కి వచ్చింది.

"కారణం: సెన్సర్ నీళ్లలో లేదు.
సెన్సర్ నంబరు: సున్నా.
చోటు: మా పెరటి గోలెం."

ఆ చోటు పేరు వీరేంద్ర పెట్టిందే. చెరువులకి పంపే ముందు సెన్సర్లని అతను ఆ నీళ్ల గోలెంలోనే ముంచి చూసేవాడు. ఒకటి అందులో ఉండిపోయిన సంగతి ఆమె మరిచేపోయింది.

లేచి పెరట్లోకి వెళ్లింది.

గోలెం పక్కన మంగాయమ్మ. నల్ల వైరు చేతికి చుట్టుకుని, సెన్సర్ని నీళ్లలోంచి పైకెత్తి పట్టుకుని ఉంది. కోడల్ని చూడగానే బుడుంగున లోపలికి వదిలేసింది.

"రోజూ మీరేనా అత్తయ్యా?"

"ఆ మధ్య గోలెం కడుగుతూ బయటికి తీసేనమ్మా. అప్పుడే లోపల నీ ఫోను మోగింది. మర్నాడూ తీసి చూసేను. మళ్లీ మోగింది..." తప్పు చేసినట్టు తల వంచుకుంది.

కొడుకు మాట కోసం ఈ తల్లి రోజూ నీళ్లలో చెయ్యి పెడుతోంది. తను దాన్ని తుడిచేసింది.

"ఇంక రాదత్తయ్యా. మీ అబ్బాయి మాట, నేనే తీసేశాను."

మంగాయమ్మ అర్థం కానట్టు చూసింది.

"వాడి మాటేంటమ్మా? అందులో ఏం వస్తదో నాకేం తెలుసు, అది మోగేకే నువ్వు కంచం దగ్గరికి లాక్కుంటున్నావని రోజూ ఎత్తుతున్నాను."