అంచులు చూడండి

"నడుమ చూపెట్టింది నమ్మకుండ్రి. అంచులు చూడుండ్రి. అబద్ధం అంచులల్లనే దొరుకుతది," అంటూ స్వరూప నీళ్ల గ్లాసులో చిటికెడు సబ్బుపొడి వేసింది.

గౌలిపుర హాల్లో జనం నవ్వారు. ఐదు నిమిషాల్లో 'నల్లా నీళ్లల్లో విషం' వీడియో తయారైంది. దాన్ని క్లాసు గ్రూపులో పెట్టి, కింద 'ఇది నమూనా, నమ్మొద్దు' అని రాసింది. పుకార్లను పసిగట్టడం నేర్పమని సర్కారు పెట్టిన క్లాసులివి. ప్రతి బస్తీలోనూ చేతికి దొరికిన వస్తువుతో ఒక అబద్ధం చేసి చూపడంతోనే ఆమె పాఠం మొదలవుతుంది. ఈ ఏడాది నలభై బస్తీలు తిరిగింది. ఎక్కడ ఏం చేసిందో ఆమెకే గుర్తుండదు. లాడ్ బజార్‌లో కొన్న ఎర్ర గాజుకు ఎప్పుడో ఒక రాయి ఊడిపోయింది. మార్చుకునే తీరిక కూడా లేదు.

క్లాసు అయ్యాక ఒకాయన మిగిలాడు.

"మేడం, నేను పాల అంజన్నను. పోయిన నెల జల్‌పల్లి క్లాసుల మీకు చాయ్‌కి పాలు పోసిన."

"ఔనా! మస్తుగున్నయి అన్నా ఆ పాలు."

"ఇప్పుడు ఎవరూ తాగుతలేరు. నా క్యాన్‌ల తెల్లపొడి కలుపుతున్నట్టు వీడియో తిరుగుతుందంట. క్యాన్ మీద నా పేరు కనవడ్తదంట. ఇల్లిల్లూ తిరిగి ఒట్టేసిన. నిప్పు లేనిదే పొగ రాదన్నరు. రెండు బర్రెలను అమ్మిన. ఉన్న ఒక్కదాన్ని మాపటికి అప్పులోళ్లు తోలుకపోతరు."

"ఏదీ, చూపెట్టు."

అంజన్న బటన్ల ఫోను తీశాడు. "గిండ్ల వీడియోలు రావు మేడం. నేనే సూడలే."

చూడని బొమ్మ మనిషి కొంప ముంచింది. స్వరూప వెంటనే తన ఫోను తీసింది. ఆ వీడియో ఎవరి దగ్గరున్నా పంపమని తన పాత క్లాసుల గ్రూపులన్నిటికీ రాసింది.

"ఎవరి మీదనన్న అనుమానం ఉందా?"

"పాకెట్ పాల ప్రేమ్‌రాజ్. ఈ గల్లీలనే దుకాణం. నా గిరాకీ అంతా ఆయనకే పోయింది. గానీ సూడకుండ ఎట్ల చెప్త మేడం? వీడియో రానీయుండ్రి."

"ఆగితే బర్రె పోతది. నిజం గడప దాటేలోపల అబద్ధం ఊరంతా చుట్టొస్తదన్నా. లాభం ఎవరికో పని వాళ్లదే. ఫికర్ చేయకు."

అన్ని గ్రూపుల్లో ఆమె వేళ్లు చకచకా కదిలాయి. 'అంజన్న పాలు మంచివి. ఆ వీడియో పాకెట్ పాల ప్రేమ్‌రాజ్ పని. అందరికీ పంపండి.'

అందరూ పంపారు. మేడం మాట కదా, ఎవరూ అంచులు చూడలేదు.

చాయ్ తాగి ముగించేలోపే గల్లీలో లొల్లి లేచింది. ప్రేమ్‌రాజ్ దుకాణం షటర్ మీద రాళ్లు పడుతున్నాయి. ఎవరో ఆడమనిషి "కొట్టకుండ్రి భాయ్, ఆయనను కొట్టకుండ్రి" అని ఏడుస్తోంది. అంజన్న అటు పరుగెత్తాడు.

స్వరూప చేతిలో ఫోను మోగింది. జల్‌పల్లి క్లాసులో చదివిన స్రవ్య పంపింది: 'మీరడిగిన వీడియో ఇదే మేడం.'

తెరిచింది. అల్యూమినియం క్యాన్, దాని మీద అంజన్న పేరు, మూత దగ్గర ఒక చెయ్యి. అలవాటు కొద్దీ స్వరూప ముందు అంచులే చూసింది.

పొడి వేస్తున్న చేతి ఎర్ర గాజుకు ఒక రాయి లేదు.